ఐఈపీ ఉన్న పిల్లలకు హైస్కూల్ డిప్లొమా (అమెరికా): ఏది తీసుకోవాలి, ఎప్పుడు తీసుకోవాలి?

మానేరు_ఒడ్డు · న్యూజెర్సీ

ఎనిమిదో తరగతి పిల్లల ఐఈపీ (వైకల్యం ఉన్న విద్యార్థికి స్కూలు రాసే వ్యక్తిగత విద్యా ప్రణాళిక) మీటింగులు జరుగుతున్న రోజులివి. తొమ్మిదిలో ఏ కోర్సులు పెట్టాలో చాలావరకు ఈ మీటింగుల్లోనే తేలిపోతుంది. ఆటిజం, మేధో వైకల్యం, డిస్లెక్సియా ఉన్న పిల్లల తల్లిదండ్రులకు నాలుగు విషయాల్లో స్పష్టత కావాలి. డిప్లొమా తీసుకున్నాక కూడా 21, 22 ఏళ్ళ దాకా స్కూలు సర్వీసులు అందుతాయా? రాష్ట్ర పరీక్ష పాసవ్వాల్సిందేనా? కోర్సు తేలిక చేస్తే డిప్లొమా విలువ మారిపోతుందా? గ్రాడ్యుయేషన్ వేడుకలో తోటి పిల్లలతో కలిసి స్టేజీ ఎక్కాలంటే డిప్లొమా తీసుకోక తప్పదా?

రాసేవాళ్ళు దయచేసి రాష్ట్రం పేరు చెప్పి రాయండి. ఒక రాష్ట్రం నియమం పక్క రాష్ట్రంలో చెల్లదు.

శ్రీగంధం · కాలిఫోర్నియా

22 ఏళ్ళ దాకా ఉచిత చదువు ఫెడరల్ హక్కే కదండీ. డిప్లొమా తీసుకుని, ఆ తర్వాత 18–22 ట్రాన్సిషన్ ప్రోగ్రామ్‌లో (స్కూలు తర్వాతి జీవితానికి సిద్ధం చేసే కార్యక్రమం) చేరొచ్చు.

వేపచెట్టు · స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్, టెక్సాస్

శ్రీగంధం గారూ, అలా అనుకునే చాలామంది నష్టపోతున్నారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఐడియా (వైకల్యం ఉన్న పిల్లల చదువుకు సంబంధించిన ఫెడరల్ చట్టం) ప్రకారం స్కూల్ డిస్ట్రిక్ట్ మీద ఉన్న బాధ్యతను ఫేప్ అంటారు. అంటే పిల్లవాడికి తగిన చదువును ఖర్చు లేకుండా అందించడం. రాష్ట్రం పెట్టిన వయసు దాటితే అది ముగుస్తుంది. అంతకు ముందే రెగ్యులర్ హైస్కూల్ డిప్లొమా చేతికొస్తే ఆ రోజే ముగుస్తుంది. 18 ఏళ్ళకు డిప్లొమా తీసుకుంటే ఆ తర్వాతి మూడు నాలుగేళ్ళ స్పీచ్ థెరపీ, జాబ్ కోచింగ్, ఒంటరిగా బస్సెక్కడం నేర్పడం, వంట, డబ్బు లెక్కలు అన్నీ దాంతో సరి. వాటిని తర్వాత ప్రైవేటుగా కొనాలంటే ఎంతవుతుందో థెరపీ బిల్లులు కట్టిన ప్రతి ఇంటికీ తెలుసు.

రెగ్యులర్ డిప్లొమా కిందికి రానివి ఇవి: జీఈడీ (హైస్కూల్‌కు సమానంగా చూసే పరీక్ష), సర్టిఫికెట్ ఆఫ్ కంప్లీషన్, సర్టిఫికెట్ ఆఫ్ అటెండెన్స్, ఐఈపీ డిప్లొమా పేరుతో ఇచ్చేవి. వీటితో హక్కు పోదు. తీవ్రమైన మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం 2015 నాటి ఎస్సా అనే ఫెడరల్ విద్యా చట్టం ఆల్టర్నేట్ డిప్లొమాకు వీలు కల్పించింది. అది తీసుకున్నా ఫేప్ ఆగదు.

వయసు గడువు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. టెక్సాస్‌లో సెప్టెంబర్ 1 నాటికి 21 ఏళ్ళు ఉన్న విద్యార్థికి ఆ విద్యా సంవత్సరం చివరిదాకా సర్వీసులు ఉంటాయి. మిచిగన్‌లో 26 దాకా ఉంటాయి. కాబట్టి "22 దాకా" అని అందరికీ ఒకే మాట చెప్పలేం.

మానేరు_ఒడ్డు

మరి న్యూజెర్సీలో?

పాలవెల్లి · ఐఈపీ అడ్వకేట్, న్యూజెర్సీ

21 నిండే విద్యా సంవత్సరం చివరిదాకా. ఇక్కడ విద్యా సంవత్సరం అంటే జులై 1 నుంచి జూన్ 30. అందుకే జూన్ 30న పుట్టిన పిల్లకూ జులై 1న పుట్టిన పిల్లకూ ఒక్కరోజు తేడాతో ఏడాది సర్వీసు తేడా వస్తుంది. పుట్టినరోజు వేసవిలో ఉన్నవాళ్ళు ముందుగా ఈ లెక్క వేసుకోండి.

న్యూజెర్సీ తల్లిదండ్రులు బాగా గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటుంది. ఇక్కడ ఐఈపీ ద్వారా కొన్ని నిబంధనల నుంచి మినహాయింపు పొందిన విద్యార్థికి కూడా రాష్ట్రం ముద్రతో అదే డిప్లొమా ఇస్తారు. వేరే రకం డిప్లొమా లేదు. వినడానికి ఇది మంచి మాటే, నిజంగా మంచి మాటే. కానీ అదే కారణంగా ఆ డిప్లొమా తీసుకున్న మరుక్షణం ఫేప్ ముగుస్తుంది. కాబట్టి న్యూజెర్సీలో ఏ డిప్లొమా అన్నది పెద్ద ప్రశ్న కాదు, ఏ సంవత్సరం అన్నదే అసలు ప్రశ్న. క్రెడిట్లన్నీ నాలుగేళ్ళలో పూర్తయినా, ట్రాన్సిషన్ లక్ష్యాలు ఇంకా మిగిలి ఉన్నాయని ఐఈపీలో కొలవగలిగేలా రాసి ఉంటే, డిప్లొమాను 21 దాకా వాయిదా వేయమని అడగడానికి ఆధారం ఉంటుంది. లక్ష్యాలు రాయకుండా "మా అబ్బాయి ఇంకా సిద్ధంగా లేడు" అని నోటిమాటగా చెబితే మీటింగులో అది నిలవదు.

క్రెడిట్ల లెక్క: మొత్తం కనీసం 120. ఇంగ్లిష్ 20, గణితం 15, సైన్స్ 15, సోషల్ స్టడీస్ 15, ఫైనాన్షియల్ లిటరసీ 2.5, వ్యాయామం–ఆరోగ్యం ఏటా 3.75, కళలు 5, వృత్తి సంబంధ కోర్సు 5, ప్రపంచ భాష 5. మిగతావి ఎలక్టివ్‌లు. 11వ తరగతిలో ఎన్‌జేజీపీఏ అనే పరీక్ష (ఇంగ్లిష్, గణితం) ఉంటుంది. దాన్ని పాసవ్వాలన్న నిబంధన నుంచి ఐఈపీ టీమ్ మినహాయించవచ్చు. మినహాయిస్తే ఏ నిబంధన నుంచి, ఎందుకు, దాని బదులు ఏ స్థాయి చేరుకోవాలి అన్నది ఐఈపీలో రాసి ఉండాలి. "మినహాయింపు: అవును" అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు.

ప్రపంచ భాష గురించి ఒక చిన్న మాట. మన పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు వింటారు, మాట్లాడతారు. స్టాంప్ అనే భాషా పరీక్ష తెలుగులోనూ ఉంది. డిస్ట్రిక్ట్ ఒప్పుకుంటే ప్రావీణ్యం చూపించి ఆ 5 క్రెడిట్లు తీర్చుకోవచ్చు. స్పానిష్ క్లాసులో కష్టపడుతున్న డిస్లెక్సియా పిల్లలకు ఇది నిజంగా ఊరట. మినహాయింపు అడిగే ముందు దీని గురించి కౌన్సెలర్‌ని అడగండి.

శ్రీగంధం

సరిదిద్దినందుకు థాంక్స్ వేపచెట్టు గారూ. కాలిఫోర్నియా సంగతి నేను రాస్తాను, తప్పుంటే చెప్పండి.

ఇక్కడ ఎగ్జిట్ ఎగ్జామ్ లేదు. దాన్ని 2015లో ఆపేశారు, తర్వాత పూర్తిగా తీసేశారు. రాష్ట్రం కనీసంగా అడిగే ఏడాది కోర్సులు 13: ఇంగ్లిష్ 3, గణితం 2 (అందులో ఆల్జీబ్రా 1 తప్పనిసరి), సైన్స్ 2, సోషల్ 3, కళలు లేదా విదేశీ భాష లేదా వృత్తి విద్య 1, పీఈ 2. వీటి మీద డిస్ట్రిక్టులు తమ సొంత కోర్సులు కలిపి 220, 230 క్రెడిట్లు చేస్తాయి.

2022లో ఏబీ 181 అనే రాష్ట్ర చట్టం వచ్చింది. 2022–23లో గానీ ఆ తర్వాత గానీ తొమ్మిదిలో చేరిన, ఆల్టర్నేట్ అసెస్‌మెంట్‌కు (రాష్ట్ర పరీక్ష బదులు పెట్టే ప్రత్యేక పరీక్ష) అర్హత ఉన్న విద్యార్థులకు డిస్ట్రిక్ట్ కలిపిన అదనపు కోర్సుల నుంచి మినహాయింపు ఉంటుంది. రాష్ట్ర ప్రమాణాలకు అనుగుణమైన కోర్సులతో వాళ్ళు డిప్లొమా పొందవచ్చు. ఈ డిప్లొమాతో ఫేప్ ఆగదు. స్నాతకోత్సవంలో పాల్గొనే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది.

వేపచెట్టు

సరిగ్గా రాశారు. ఒక్కటే కలపాలి. ఆ దారిలో వెళ్ళిన కోర్సులు కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీలైన యూసీ, సీఎస్‌యూ ప్రవేశానికి అడిగే ఏ–జీ కోర్సుల కిందికి రావు. నాలుగేళ్ళ యూనివర్సిటీకి వెళ్ళగల పిల్లవాడిని తొమ్మిదిలోనే ఆల్టర్నేట్ అసెస్‌మెంట్ వైపు మళ్ళిస్తే వెనక్కి రావడం చాలా కష్టం. ఈ అసెస్‌మెంట్ అత్యంత తీవ్రమైన మేధో వైకల్యం ఉన్నవాళ్ళకే. రాష్ట్రం మొత్తం మీద పరీక్ష రాసేవాళ్ళలో 1 శాతం మించకూడదని ఎస్సా పరిమితి పెట్టింది. ఆటిజం ఉన్నంత మాత్రాన, ఇంగ్లిష్ రానంత మాత్రాన, ప్రవర్తన సమస్య ఉన్నంత మాత్రాన దాంట్లో వేయకూడదు. ఆ మాట మూడో తరగతిలో మొదటిసారి వినిపించినప్పుడే "దీనివల్ల హైస్కూల్లో డిప్లొమా మీద ప్రభావం ఏమిటి?" అని అడగండి. ఆ సంగతి తల్లిదండ్రులకు తెలపడం కూడా చట్టం ప్రకారం స్కూలు బాధ్యతే.

ముత్యాలపల్లకి · టెక్సాస్

అకామడేషన్, మాడిఫికేషన్ అని రెండు మాటలు ఏఆర్‌డీ (టెక్సాస్‌లో ఐఈపీ కమిటీ పేరు) మీటింగులో పక్కపక్కనే వినిపిస్తాయి. తేడా ఎవరైనా ఉదాహరణతో చెప్తారా?

వేపచెట్టు

ఈ చర్చ మొత్తంలో నేను ఎక్కువసేపు ఆగాల్సిన చోటు ఇదే.

అకామడేషన్ అంటే నేర్చుకోవాల్సిన పాఠం అదే, చేరుకునే దారి వేరు. ఆల్జీబ్రా 1 తీసుకోండి. అదనపు సమయం, కాలిక్యులేటర్, ప్రశ్నను చదివి వినిపించడం, పెద్ద అక్షరాలు, ఫార్ములా కాగితం, విడి గదిలో పరీక్ష, చేత్తో రాయలేకపోతే టైప్ చేయడం. క్వాడ్రాటిక్ సమీకరణం సాధించడం మాత్రం అందరిలాగే రావాలి.

మాడిఫికేషన్ అంటే నేర్చుకోవాల్సిందే తగ్గిపోయింది. క్లాసు క్వాడ్రాటిక్స్ చేస్తుంటే మీ పాపకు ఒకే మెట్టు సమీకరణాలు ఇచ్చి, వాటి మీదే గ్రేడు వేయడం మాడిఫికేషన్.

తికమక మధ్యలో వస్తుంది. 20 లెక్కలకు బదులు 10 ఇచ్చారనుకోండి. ఆ 10లో అన్ని రకాల లెక్కలూ ఉంటే అది అకామడేషన్. కష్టమైన రకాలన్నీ తీసేసి తేలికవే ఉంచితే మాడిఫికేషన్. నాలుగు ఆప్షన్లను రెండు చేయడం కూడా మెల్లగా మాడిఫికేషన్ కిందికి జారుతుంది. టీచరు ప్రేమతోనే చేస్తారు, పిల్లవాడికి మంచి మార్కులూ వస్తాయి. మూడేళ్ళ తర్వాత ఆ కోర్సు మాడిఫైడ్ అని ట్రాన్స్‌క్రిప్ట్ కోడ్‌లో కనిపించేసరికి ఇంట్లో అందరూ నివ్వెరపోతారు.

ప్రతి కోర్సుకూ ఐఈపీ షెడ్యూల్ పేజీలో మాడిఫైడా కాదా అన్న గుర్తు ఉంటుంది. ప్రతి ఆగస్టులో ఆ పేజీ చూడండి. ఆ తర్వాత కౌన్సెలర్‌కు ఈమెయిల్ పంపండి: "ఈ కోర్సులో గ్రేడు, తరగతి స్థాయి రాష్ట్ర ప్రమాణాల ఆధారంగా వేస్తున్నారా? ఈ క్రెడిట్ రెగ్యులర్ డిప్లొమాకు లెక్కలోకి వస్తుందా?" జవాబు రాతపూర్వకంగా రావాలి. ఫోన్‌లో వచ్చిన జవాబును మీరే ఈమెయిల్‌లో రాసి "ఇలా అర్థం చేసుకున్నాను, తప్పైతే చెప్పండి" అని పంపితే అదీ రికార్డే.

టెక్సాస్‌లో దీని ఫలితం ఇదీ. ఫౌండేషన్ ప్రోగ్రామ్ 22 క్రెడిట్లు: ఇంగ్లిష్ 4, గణితం 3, సైన్స్ 3, సోషల్ 3, వేరే భాష 2, పీఈ 1, కళలు 1, ఎలక్టివ్‌లు 5. ఎండార్స్‌మెంట్ (ఒక రంగంలో అదనపు కోర్సులు చేసినట్టు డిప్లొమా మీద వేసే గుర్తింపు) కావాలంటే 26. ఈవోసీ పరీక్షలు (కోర్సు చివర రాసే రాష్ట్ర పరీక్షలు) ఐదు: ఆల్జీబ్రా 1, ఇంగ్లిష్ 1, ఇంగ్లిష్ 2, బయాలజీ, యూఎస్ హిస్టరీ. స్పెషల్ ఎడ్ విద్యార్థి ఈవోసీలో తప్పినా, పాసవడం గ్రాడ్యుయేషన్‌కు అవసరం లేదని ఏఆర్‌డీ కమిటీ నిర్ణయించవచ్చు. అలా నిర్ణయించినా, కోర్సులు మాడిఫై కాకుండా ఉంటే అది రెగ్యులర్ డిప్లొమానే. ఈ సంగతి చాలామందికి తెలియదు. పరీక్ష తప్పుతాడన్న భయంతో కోర్సునే మాడిఫై చేయించుకుంటారు, దాని అవసరమే ఉండదు.

కోర్సులు మాడిఫై అయితే క్రెడిట్లు పూర్తి చేయడంతో పాటు ఇంకో షరతు తీరాలి. పూర్తికాలపు ఉద్యోగమో, ఉద్యోగానికి కావాల్సిన నైపుణ్యాలు వచ్చాయన్న రుజువో, స్కూలు బాధ్యత కాని వేరే సంస్థల సర్వీసులు అందుబాటులో ఉండటమో, వయసు దాటడమో. ఇలా వచ్చిన డిప్లొమా తర్వాత కూడా వయసు మిగిలి ఉంటే, విద్యార్థి గానీ తల్లిదండ్రులు గానీ అడిగితే, ఏఆర్‌డీ కూర్చుని ఏ సర్వీసులు కావాలో తేల్చాలి. న్యూజెర్సీకీ మాకూ తేడా ఇక్కడే.

వేరే భాష విషయంలో వైకల్యం వల్ల రెండు క్రెడిట్లు చేయలేని విద్యార్థికి ఇంకో రెండు క్రెడిట్లు ప్రత్యామ్నాయంగా పెట్టవచ్చు. కానీ అవే క్రెడిట్లు మళ్ళీ ఇంకో నిబంధన కింద లెక్కలోకి రావు. 12వ తరగతిలో రెండు క్రెడిట్లు తక్కువయ్యాయని బయటపడేది తరచూ ఇలాగే.

ముత్యాలపల్లకి

చాలా స్పష్టంగా ఉంది. ఐఈపీ కాకుండా 504 ప్లాన్ (వైకల్యం కారణంగా వివక్ష కూడదనే సెక్షన్ 504 కింద ఇచ్చే ప్లాన్) ఉన్నవాళ్ళ సంగతి?

వేపచెట్టు

504 కింద అకామడేషన్లు మాత్రమే. ఈవోసీ మినహాయించే అధికారం ఏఆర్‌డీకే ఉంది, 504 కమిటీకి లేదు. రెండు ఈవోసీల దాకా తప్పినవాళ్ళకు ఇండివిడ్యువల్ గ్రాడ్యుయేషన్ కమిటీ అనే దారి ఉంది, అది అందరికీ వర్తిస్తుంది. 21 దాకా సర్వీసులు కొనసాగించమని 504 కింద అడిగే దారి లేదు. 10వ తరగతిలో "వీడికి ఐఈపీ అక్కర్లేదు, 504 చాలు" అంటే ఒప్పుకునే ముందు ఇది ఆలోచించండి.

గోరింట · వర్జీనియా

మా రాష్ట్రం గురించి క్లుప్తంగా: ఇక్కడ ఐఈపీ ఉన్నవాళ్ళకు అప్లైడ్ స్టడీస్ డిప్లొమా అని ఒకటి ఉంది. పేరులో డిప్లొమా అని ఉన్నా అది రెగ్యులర్ కాదు. దాంతో ఫేప్ ఆగదు. కానీ కాలేజీలు, ఫెడరల్ సాయం దాన్ని హైస్కూల్ డిప్లొమాగా చూడవు. స్టాండర్డ్ డిప్లొమాకు క్రెడిట్ అకామడేషన్లు అనే వెసులుబాటు వేరే ఉంది. ముందు దాన్ని అడగండి.

నల్లకలువ · న్యూయార్క్

ఇక్కడ 22 క్రెడిట్లు, రీజెంట్స్ అనే రాష్ట్ర పరీక్షలు. వైకల్యం ఉన్న విద్యార్థికి 65 రాకపోయినా 55–64 మధ్య వస్తే లోకల్ డిప్లొమా వస్తుంది. అది రెగ్యులర్ డిప్లొమానే. ఉద్యోగానికి సిద్ధమని చూపే సీడీఓఎస్ అనేది విడిగా తీసుకుంటే కేవలం క్రెడెన్షియల్, డిప్లొమా కాదు. రీజెంట్స్ పద్ధతిని రాష్ట్రం దశలవారీగా మారుస్తోంది కనుక, మీ పిల్లలు తొమ్మిదిలో చేరిన సంవత్సరానికి వర్తించే నియమాలే చూసుకోండి.

మసాచుసెట్స్‌లో 2024 నవంబర్ ఓటుతో ఎంకాస్ అనే రాష్ట్ర పరీక్ష పాసవ్వాలన్న నిబంధనే పోయింది. పాత సమాచారం ఇంకా చాలాచోట్ల తిరుగుతోంది.

మానేరు_ఒడ్డు

సర్టిఫికెట్ తీసుకుంటే సర్వీసులు నిలుస్తాయి సరే. పోయేదేమిటి?

పాలవెల్లి

పోయేది తక్కువేమీ కాదు. ఉద్యోగ దరఖాస్తులో "హైస్కూల్ డిప్లొమా ఉందా" అన్న గడికి ఉంది అని రాయలేరు. సాధారణ డిగ్రీ కోర్సుకు ఫాఫ్సా (కాలేజీ ఆర్థిక సాయానికి పెట్టే దరఖాస్తు) ద్వారా ఫెడరల్ సాయం రాదు. ఒక మినహాయింపు ఉంది. మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం కొన్ని కాలేజీల్లో సీటీపీ అనే ప్రత్యేక కార్యక్రమాలు ఉన్నాయి. వాటిలో చేరితే రెగ్యులర్ డిప్లొమా లేకపోయినా పెల్ గ్రాంట్ వంటి సాయానికి అర్హత ఉంటుంది. 2008 నాటి ఉన్నత విద్యా చట్టం తెచ్చిన మార్పు ఇది. థింక్ కాలేజ్ అనే వెబ్‌సైట్లో రాష్ట్రాల వారీగా ఈ కార్యక్రమాల జాబితా ఉంది.

అందుకే "సర్వీసులు ఉంటాయి కదా" అని డిప్లొమా చేయగల పిల్లవాడికి సర్టిఫికెట్ దారి ఒప్పుకోవద్దు. చాలాచోట్ల రెండూ సాధ్యమే. కోర్సులు రెగ్యులర్‌గా పూర్తి చేయించి, డిప్లొమా ఇచ్చే తేదీని ట్రాన్సిషన్ అవసరాలను బట్టి వెనక్కి జరపడం. ఈ మాట 9వ తరగతి ఐఈపీలోనే "అంచనా గ్రాడ్యుయేషన్ తేదీ" అన్న గడిలో పడాలి. ఆ గడిలో కంప్యూటర్ దానంతటదే నాలుగేళ్ళ తర్వాతి జూన్ వేస్తుంది, ఎవరూ చూడరు.

శ్రీగంధం

పెరెజ్ వర్సెస్ స్టర్జిస్ కేసు గురించి ఎవరైనా చెప్తారా? ఈ విషయంలో బాగా వినిపిస్తుంది.

నల్లకలువ

2023 మార్చిలో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఇచ్చిన తీర్పు. మిచిగన్‌లోని స్టర్జిస్‌లో మిగెల్ లూనా పెరెజ్ అనే వినికిడి లేని విద్యార్థి 9 ఏళ్ళప్పటి నుంచి 20 దాకా చదివాడు. అతని ఫిర్యాదు ప్రకారం, పక్కన పెట్టిన సహాయకులకు సైన్ లాంగ్వేజ్ సరిగా రాదు. మార్కులు మాత్రం బాగా వేస్తూ, ఏటా పై తరగతికి పంపుతూ వచ్చారు. గ్రాడ్యుయేషన్‌కు కొన్ని నెలల ముందు డిప్లొమా ఇవ్వబోమని చెప్పారు. ఐడియా కింద ఫిర్యాదును రాజీతో పరిష్కరించుకున్నాక, ఏడీఏ (వైకల్యం ఉన్నవాళ్ళ మీద వివక్షను నిషేధించే ఫెడరల్ చట్టం) కింద నష్టపరిహారం కోసం దావా వేశాడు. ఐడియా ఇవ్వలేని పరిహారం అడుగుతున్నప్పుడు, ఐడియా పద్ధతులన్నీ చివరిదాకా నడపనవసరం లేదని కోర్టు చెప్పింది.

తల్లిదండ్రులకు పనికొచ్చే సంగతి తీర్పులో కంటే కేసు వివరాల్లో ఉంది. రిపోర్టు కార్డులో ఏలు, బీలు ఉన్నా, చదవడం మూడో తరగతి స్థాయిలో ఉందని ఎవాల్యుయేషన్ చెబుతుంటే, ఆ రెండు కాగితాలూ మీటింగులో పక్కపక్కన పెట్టి "ఈ గ్రేడు దేని మీద వేశారు?" అని అడగాలి.

తంగేడుపువ్వు · టెక్సాస్

హెచ్4 మీద ఉన్న పిల్లలకు ఇవన్నీ వర్తిస్తాయా? మనవాళ్ళలో చాలామంది గ్రీన్ కార్డు క్యూలో ఉన్నారు.

పాలవెల్లి

స్కూల్లో స్పెషల్ ఎడ్యుకేషన్‌కు ఇమిగ్రేషన్ స్టేటస్‌తో పని లేదు. 1982 ప్లైలర్ తీర్పు నుంచీ పబ్లిక్ స్కూలు అందరికీ ఉంది, ఐడియాలోనూ పౌరసత్వం షరతు లేదు. స్కూల్లో ఎవరూ వీసా కాగితాలు అడగనక్కర్లేదు.

కానీ చిక్కు ఇంకోచోట ఉంది. హెచ్4 డిపెండెంట్ స్టేటస్ 21వ పుట్టినరోజుతో ముగుస్తుంది. సీఎస్‌పీఏ అనే ఇమిగ్రేషన్ చట్టంలోని వయసు లెక్క గ్రీన్ కార్డు దరఖాస్తు కోసమే. హెచ్4ను 21 దాటి పొడిగించడానికి అది పనికిరాదు. స్కూలుకు 21, 22 దాకా చెప్పే బాధ్యత ఉన్నా, దేశంలో ఉండే స్టేటస్ అది ఇవ్వదు. ఎఫ్1 (విద్యార్థి వీసా)కి మారదామంటే, పబ్లిక్ హైస్కూల్లో ఎఫ్1 మీద మొత్తం 12 నెలలకు మించి చదవకూడదు, అదీ పూర్తి ఖర్చు కట్టి. 18–21 ట్రాన్సిషన్ ప్రోగ్రామ్‌కు అది దారి కాదు. అందుకే హెచ్4 కుటుంబం "డిప్లొమా వాయిదా వేద్దాం" అనే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో కూర్చుని 21వ పుట్టినరోజును, ప్రయారిటీ డేట్‌ను (గ్రీన్ కార్డు క్యూలో స్థానం చూపే తేదీ) ఒకే కాగితం మీద రాసుకోవాలి. కాలేజీ చదవగల పిల్లవాడైతే ఎఫ్1కి రెగ్యులర్ డిప్లొమా సకాలంలో చేతిలో ఉండటమే మేలు కావచ్చు. ఇక్కడ సలహా తలకిందులవుతుంది.

స్కూలు బయట దొరికేవాటికి స్టేటస్ అడుగుతారు. వొకేషనల్ రీహాబిలిటేషన్‌కు (ఉద్యోగానికి సిద్ధం చేసే ప్రభుత్వ సేవ) చాలా రాష్ట్రాల్లో పని చేసే అనుమతి చూపాలి. న్యూజెర్సీలో పెద్దవాళ్ళ సర్వీసులిచ్చే డీడీడీ 21కి మొదలవుతుంది, దానికి మెడికెయిడ్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) అర్హత ఉండాలి. ఎస్‌ఎస్‌ఐ (తక్కువ ఆదాయం ఉన్న వికలాంగులకు నెలనెలా ఇచ్చే ఫెడరల్ సాయం) విషయంలో గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు కూడా సాధారణంగా 40 క్వార్టర్ల (సోషల్ సెక్యూరిటీ లెక్కలో పని క్రెడిట్లు) పని లెక్క కావాలి. పిల్లలకు 18 నిండకముందు తల్లిదండ్రులు చేసిన పని ఆ లెక్కలో కలుస్తుంది.

తంగేడుపువ్వు

ఇది చాలామందికి చేరాల్సిన సమాచారం. ఎస్‌ఎస్‌ఐకి తల్లిదండ్రుల జీతం అడ్డం కాదా?

పాలవెల్లి

18 దాకా అడ్డమే. 18 నిండిన తర్వాత తల్లిదండ్రుల ఆదాయం లెక్కలోకి రాదు, విద్యార్థి సొంత ఆదాయం, ఆస్తి మాత్రమే చూస్తారు. తాతగారు ప్రేమగా పిల్లవాడి పేరున వేసిన బ్యాంకు డిపాజిట్ ఉంటే దాని గురించి ముందే ఆలోచించాలి.

గోరింట

18 అన్నారు కనుక: ఆ రోజు నుంచి ఐఈపీ హక్కులు చాలా రాష్ట్రాల్లో విద్యార్థికి బదిలీ అవుతాయి. ఆ సంగతి కనీసం ఏడాది ముందు ఐఈపీలో రాయాలి. బదిలీ అయ్యాక డిప్లొమాకు సంతకం పెట్టేది విద్యార్థే. స్నేహితులతో స్టేజీ ఎక్కాలన్న ఉత్సాహంలో "అవును, నాకు డిప్లొమా కావాలి" అంటే అది చెల్లుతుంది. గార్డియన్‌షిప్ ఒక్కటే దారి అనుకోకండి. పవర్ ఆఫ్ అటార్నీ ఉంది, సపోర్టెడ్ డెసిషన్ మేకింగ్ (విద్యార్థి తానే నిర్ణయించుకుంటూ నమ్మినవాళ్ళ సాయం తీసుకునే) ఒప్పందం ఉంది. ఈ ఒప్పందాన్ని మొదట చట్టం చేసిన రాష్ట్రం టెక్సాస్, 2015లో. గార్డియన్‌షిప్ కోర్టు ద్వారా విద్యార్థి హక్కులు తీసేస్తుంది కనుక ఆఖరికే ఆలోచించాలి.

మానేరు_ఒడ్డు

స్టేజీ ఎక్కే ప్రశ్న మిగిలింది.

వేపచెట్టు

డిప్లొమాకూ వేడుకకూ ముడి పెట్టనక్కర్లేదు. టెక్సాస్‌లో నాలుగేళ్ళ హైస్కూల్ పూర్తి చేసిన స్పెషల్ ఎడ్ విద్యార్థి సర్టిఫికెట్ ఆఫ్ అటెండెన్స్‌తో వేడుకలో పాల్గొనవచ్చని విద్యా చట్టంలోనే ఉంది. గౌను వేసుకుని తోటివాళ్ళతో నడిచి, ఆగస్టులో మళ్ళీ 18 ప్లస్ ప్రోగ్రామ్‌కు వెళ్ళవచ్చు. ఫెడరల్ చట్టం వేడుక గురించి ఏమీ చెప్పదు, కనుక మిగతా రాష్ట్రాల్లో రాష్ట్ర చట్టం, డిస్ట్రిక్ట్ పాలసీ అడగాలి. వేడుకలో ఇచ్చే ఫోల్డర్‌లో ఏ కాగితం పెడతారో ముందుగా ఈమెయిల్‌లో తేల్చుకోండి. ట్రాన్స్‌క్రిప్ట్‌లో పొరపాటున "గ్రాడ్యుయేటెడ్" అని పడకుండా రిజిస్ట్రార్‌కు కూడా ఒక కాపీ పంపండి.

ముత్యాలపల్లకి

గ్రాడ్యుయేషన్ ముందు కొత్త ఎవాల్యుయేషన్ చేయాలని చట్టం కదా?

వేపచెట్టు

కాదండీ. రెగ్యులర్ డిప్లొమాతో గానీ వయసు దాటి గానీ బయటికెళ్ళేవాళ్ళకు ఎవాల్యుయేషన్ తప్పనిసరి కాదని ఐడియాలో స్పష్టంగా ఉంది. దాని బదులు సమ్మరీ ఆఫ్ పెర్ఫార్మెన్స్ ఇవ్వాలి: చదువులో ఎక్కడున్నాడు, రోజువారీ పనుల్లో ఎక్కడున్నాడు, ముందుకు ఏ సహాయం కావాలి. చాలాచోట్ల దీన్ని మే నెలలో హడావిడిగా రెండు పేరాలు నింపి ఇస్తారు. మార్చిలోనే డ్రాఫ్ట్ అడగండి. "అదనపు సమయం కావాలి" అని ఉంటే చాలదు. ఎంత సమయం, ఎందుకు, ఏ టెస్టులో ఏ స్కోరు ఆధారంగా అన్నది ఉండాలి.

కాలేజీలో ఐఈపీ చెల్లదు. అక్కడ ఏడీఏ, సెక్షన్ 504 వర్తిస్తాయి. విద్యార్థి తానే డిజెబిలిటీ సర్వీసెస్ ఆఫీసుకు వెళ్ళి అడగాలి. పాఠం తగ్గించరు, అకామడేషన్లు మాత్రమే. చాలా కాలేజీలు ఇటీవలి రిపోర్టు అడుగుతాయి. అందువల్ల మూడేళ్ళకోసారి వచ్చే ఎవాల్యుయేషన్ 11వ తరగతిలో పడితే, అది వద్దని మినహాయించే కాగితం మీద సంతకం పెట్టకండి. 16 నిండాక చేస్తే పెద్దవాళ్ళ స్థాయి వెక్స్‌లర్ పరీక్ష వాడవచ్చు, అది కాలేజీలో ఎక్కువ పనికొస్తుంది.

తంగేడుపువ్వు

స్కూలు "అన్ని క్రెడిట్లూ అయిపోయాయి, ఈ మే నెలలోనే డిప్లొమా" అని పట్టుబడితే?

పాలవెల్లి

రెగ్యులర్ డిప్లొమాతో గ్రాడ్యుయేట్ చేయడం చట్టం దృష్టిలో ప్లేస్‌మెంట్ మార్పు. కాబట్టి ముందుగా ప్రయర్ రిటెన్ నోటీస్ ఇవ్వాలి: ఏం చేయబోతున్నారు, ఎందుకు, ఏ ఆధారాలు చూశారు, ఏ ప్రత్యామ్నాయాలు వద్దనుకున్నారు. న్యూజెర్సీలో అమలుకు 15 రోజుల ముందు, టెక్సాస్‌లో 5 స్కూలు రోజుల ముందు. ఆ గడువులోపు మీడియేషన్ (మధ్యవర్తి ద్వారా రాజీ) గానీ డ్యూ ప్రాసెస్ (అధికారిక విచారణ) గానీ అడగాలి. డ్యూ ప్రాసెస్ ఫిర్యాదు గ్రాడ్యుయేషన్ తేదీ కంటే ముందు దాఖలైతే స్టే–పుట్ వర్తిస్తుంది. వివాదం తేలేదాకా విద్యార్థి ఉన్నచోటే, ఉన్న సర్వీసులతోనే ఉంటాడు. ఒక్కరోజు ఆలస్యమై డిప్లొమా చేతికొచ్చాక దాఖలు చేస్తే ఆ రక్షణ దొరకడం చాలా కష్టం.

ఫిర్యాదులో "ఇంకా నేర్చుకోవాలి" అని రాయకండి. ఫెడరల్ చట్టం ప్రకారం 16 ఏళ్ళ నాటికి, టెక్సాస్, న్యూజెర్సీల్లో 14కే, ట్రాన్సిషన్ ప్లాన్ ఉండాలి. అందులో ఉద్యోగం, చదువు, అవసరమైతే స్వతంత్ర జీవనం గురించిన లక్ష్యాల్లో ఏవి పూర్తికాలేదో, ఏ సర్వీసు రాసి కూడా ఇవ్వలేదో తేదీలతో చూపండి. జాబ్ కోచింగ్ వారానికి 5 గంటలు అని రాసి ఏడాదంతా రెండుసార్లే జరిగితే, ఆ లాగ్ కాపీ అడిగి జతచేయండి.

ముత్యాలపల్లకి

ఆఖరి ప్రశ్న. తెలియక ఇప్పటికే డిప్లొమా తీసుకున్నవాళ్ళకు ఏమీ లేదా?

పాలవెల్లి

ఉంది, కానీ గడువుతో. నోటీసు ఇవ్వకుండా గ్రాడ్యుయేట్ చేసినా, డిప్లొమాకు ముందు ఐఈపీలోని సర్వీసులు ఇవ్వకపోయినా, కాంపెన్సేటరీ ఎడ్యుకేషన్ కోరవచ్చు. అప్పట్లో ఇవ్వాల్సి ఉండి ఇవ్వని గంటలకు బదులు ఇప్పుడు ఇవ్వడం అన్నమాట. ఆ తప్పు తెలిసిన, లేదా తెలియాల్సిన తేదీ నుంచి రెండేళ్ళలోపు డ్యూ ప్రాసెస్ దాఖలు చేయాలి. రాష్ట్రం వేరే గడువు పెట్టుకుని ఉంటే అదే వర్తిస్తుంది. రాష్ట్ర విద్యాశాఖకు చేసే స్టేట్ కంప్లయింట్‌కు ఒక్క ఏడాదే గడువు, దానికి లాయర్ అక్కర్లేదు.

ముందుగా ఫెర్పా (విద్యా రికార్డులు చూసే హక్కు ఇచ్చే ఫెడరల్ చట్టం) కింద పూర్తి రికార్డు అడగండి: అన్ని ఐఈపీలు, నోటీసులు, సర్వీస్ లాగులు, ప్రోగ్రెస్ రిపోర్టులు, ట్రాన్స్‌క్రిప్ట్. స్కూలుకు 45 రోజుల దాకా సమయం ఉంటుంది కనుక రెండేళ్ళ లెక్కలో ఆ 45 రోజులు తీసేసుకుని క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి.

ముత్యాలపల్లకి

అలా డిప్లొమా తీసుకున్న మావాళ్ళు రికార్డుల లేఖ ఈ రాత్రే పంపిస్తున్నారు. థాంక్స్ అండీ.